నటాలీ కోల్ పాడిన నాన్న పాటలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా గాయని నటాలీ కోల్ ఆల్బం ‘అన్‌ఫర్గెటబుల్... విత్ లవ్’ను ఎలెక్ట్రా కంపెనీ 1991 జూన్‌లో విడుదల చేసింది. అంతకుముందు సోల్, పాప్ పాటలతో పేరు తెచ్చుకున్న ఆమె, తండ్రి, జాజ్ గాయకుడు నాట్ కింగ్ కోల్ పాడిన పాటల్లో 22 ఎంచుకుని ఈ ఆల్బంలో మళ్లీ పాడారు. ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు దాని చుట్టూనే తిరిగాయి. కొందరు వినడం గురించి అడిగితే, కొందరు అలాంటి పాటలు తామే పాడాలని అడిగారు.

ప్రశ్న: జాజ్‌లో ‘స్టాండర్డ్’ అంటే ఏమిటి? పాత పాటైతే చాలా? (కర్నూలు)

చాలదు. 1920ల నుంచి 1950ల దాకా న్యూయార్క్ బ్రాడ్‌వే సంగీత నాటకాలకూ హాలీవుడ్ సినిమాలకూ రేడియోకూ రాసిన పాటల్లో, ఎంతమంది ఎన్ని రకాలుగా పాడినా చెక్కుచెదరకుండా నిలిచినవే స్టాండర్డ్స్. జెరోమ్ కెర్న్, ఇర్వింగ్ బెర్లిన్, కోల్ పోర్టర్, గెర్ష్విన్ సోదరులు, హెరాల్డ్ ఆర్లెన్ వంటివారు వాటి కర్తలు. మన సినిమా పాట అనగానే ఒక గొంతూ ఒక ఆర్కెస్ట్రా కలిసి గుర్తొస్తాయి. స్టాండర్డ్ అలా ఒక రికార్డుకు కట్టుబడి ఉండదు. కాగితం మీద బాణీ, మాటలు, కార్డ్‌లు (కలిపి ఒకేసారి వాయించే స్వరాలు) ఉంటాయి. ఏ శ్రుతిలో, ఎంత వేగంతో, ఏ వాద్యాలతో అన్నది పాడేవారి నిర్ణయం. స్టాండర్డ్స్ ఆల్బం మంచిచెడ్డలు ఈ నిర్ణయాల దగ్గరే తేలిపోతాయి. గొంతు అందం వాటి తర్వాతే.

ప్రశ్న: నాట్ కింగ్ కోల్ 1965లోనే చనిపోయారు. మరి 1991లో కూతురితో యుగళగీతం ఎలా పాడారు? కంప్యూటర్‌తో తయారుచేసిన గొంతా? (విశాఖపట్నం)

కాదు, అది ఆయన సొంత గొంతే. ఇర్వింగ్ గోర్డన్ రాసిన ‘అన్‌ఫర్గెటబుల్’ అనే ఆ పాటను నాట్ మొదట 1951లో రికార్డు చేశారు. అది మోనో. గొంతూ ఆర్కెస్ట్రా ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి, 1991 నాటి పరికరాలతో గొంతును విడదీసే దారి లేదు. అదృష్టవశాత్తూ 1961లో ఆయన అదే పాటను స్టీరియోలో మళ్లీ పాడారు. యుగళగీతంలో వినిపించేది ఆ 1961 గొంతే. ఆ రోజుల్లో పెద్ద స్టూడియోలు అర అంగుళం టేపు మీద మూడు ట్రాకులుగా రికార్డు చేసేవి. సాధారణంగా మధ్య ట్రాకు గాయకుడిది, పక్క రెండూ వాద్యాలవి. గొంతు విడిగా ఒక ట్రాకులో ఉంటే దాన్ని ఎత్తి కొత్త ఆర్కెస్ట్రా మీద పెట్టొచ్చు.

చెప్పినంత తేలిక కాదు ఈ పని. ఆ కాలంలో గాయకుడూ ఆర్కెస్ట్రా ఒకేసారి, తరచు ఒకే హాలులో వాయించేవారు. అందుకని గొంతు మైకులోకి వయొలిన్లూ డ్రమ్సూ కొంత చొరబడతాయి. గొంతు ట్రాకు వాడితే ఆ చొరబడిన వాద్యం కూడా వెంట వస్తుంది. కొత్త ఆర్కెస్ట్రా దాన్ని కప్పేసేలా అదే కార్డ్‌లు, అదే వేగం పాటించాలి. లేదంటే వెనకాల దయ్యం వాయించినట్టు రెండో ఆర్కెస్ట్రా వినిపిస్తుంది.

వేగం ఇంకో చిక్కు. పాత రికార్డింగులకు క్లిక్ ఉండదు, అంటే లయ నిలకడగా పట్టి ఉంచే మెట్రోనోమ్ చప్పుడు ఉండదు. వాక్యం చివర గాయకుడు ఒక క్షణం ఆగితే ఆర్కెస్ట్రా కూడా ఆగేది. కొత్తగా వాయించేవారు హెడ్‌ఫోన్స్‌లో పాత గొంతు వింటూ ఆ ఒడుదొడుకులను వెంబడించాలి. టేపు శ్రుతి సంగతి కూడా చూసుకోవాలి. మెషిన్ వేగం 1 శాతం తేడా వస్తే శ్రుతి దాదాపు 17 సెంట్లు, అంటే అర్ధస్వరంలో ఆరో వంతు జరుగుతుంది. వినేవారికి పియానోతో గొంతు కలవని ఇబ్బంది తెలుస్తుంది. ముందు టేపు వేగాన్ని పియానోకు సరిచేసుకున్నాకే మిగతా పని.

ఈ కట్టుబాట్లన్నీ కూతురి మీద పడ్డాయి. తండ్రి గొంతు వచ్చే చోటల్లా శ్రుతీ లయా ఆయనవే. వాక్యాన్ని ముందుకు లాగడానికో వెనక్కి జారడానికో ఆమెకు ఉన్న స్వేచ్ఛ చాలా తక్కువ. ఆమె ఆ హద్దును గౌరవించి, సంగతులు గుప్పించకుండా మాట్లాడినట్టు పాడారు. ఈ పాట అరేంజ్‌మెంట్‌కు, అంటే వాద్యాల కూర్పుకు, జానీ మాండెల్‌కు గ్రామీ దక్కింది. ఆల్బం ఆఫ్ ద ఇయర్, రికార్డ్ ఆఫ్ ద ఇయర్‌తో పాటు సాంగ్ ఆఫ్ ద ఇయర్ కూడా వచ్చింది. ఆ చివరిది గీతకర్తకు ఇచ్చేది కాబట్టి, నలభయ్యేళ్ల కిందటి పాటకు ఇర్వింగ్ గోర్డన్ అందుకున్నారు. దాని మీద అప్పట్లో విమర్శ వచ్చిన మాట నిజం.

ఇంట్లో ఇలాంటి ప్రయోగం చేయాలనుకునేవారికి ఒక మాట. కొన్ని కరోకే యాప్‌లు ఎడమ చానెల్ నుంచి కుడి చానెల్‌ను తీసేసి గొంతు మాయం చేస్తాయి. మధ్యలో ఉన్నదల్లా పోతుంది. గొంతుతో పాటు బేస్, బేస్ డ్రమ్ కూడా పోతాయి, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం పక్కల్లో మిగిలిపోతుంది. ఇప్పటి ఏఐ సాధనాలు దీనికంటే చాలా మేలు. వాటిలోనూ ‘స’, ‘ష’ శబ్దాలు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తే విడదీత సరిగా జరగలేదని గుర్తు.

ప్రశ్న: ఆ ఆల్బం మొదలుపెడితే సగంలో విసుగొస్తోంది. అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. లోపం నాదా? (హైదరాబాద్)

మీది కాదు. 22 పాటలు, గంటకు పైగా నిడివి. సి.డి.లో జాగా ఉంది కదా అని నింపిన కాలం అది. ఎల్.పి. (గ్రామఫోన్ రికార్డు) రోజుల్లో ఒక వైపుకు ఇరవై నిమిషాలు దాటితే ధ్వని పలచబడేది కాబట్టి ఆ కొలత దానంతట అదే పాటలను తగ్గించేది. ఏడెనిమిది పాటల చొప్పున మూడు విడతలుగా వినండి.

జంటలుగా వింటే ఇంకా బాగుంటుంది. ‘స్ట్రెయిటెన్ అప్ అండ్ ఫ్లై రైట్’ను నాట్ 1943లో తన ట్రియోతో రికార్డు చేశారు. పియానో, గిటార్, బేస్ మాత్రమే. డ్రమ్స్ లేవు. లయ అంతా గిటార్ కొట్టే నాలుగు దెబ్బల్లో, బేస్ నడకలో ఉంటుంది. అది విన్న వెంటనే కూతురు పాడింది వినండి. అలాగే 1948 నాటి ‘నేచర్ బాయ్’, 1950 నాటి ‘మోనా లీసా’. మాటల మధ్య ఊపిరి ఎక్కడ తీశారు, చివరి అక్షరం ఎంతసేపు పట్టారు అన్న రెండిటినే గమనించండి. నాట్ వాక్యం చివర త్వరగా వదిలేస్తారు. ఆ ఖాళీలోనే పియానో పలుకుతుంది.

తక్కువ మోతాదులో కావాలంటే లిండా రాన్‌స్టాట్ 1983 ఆల్బం ‘వాట్స్ న్యూ’ తీసుకోండి. తొమ్మిదే పాటలు, ఆర్కెస్ట్రా నెల్సన్ రిడిల్‌ది. 1950లలో నాట్‌కు ఎన్నో పాటలు కూర్చింది ఆయనే. రాక్ గాయనిగా పేరున్న ఆమె ఇక్కడ దాదాపు అన్నీ నెమ్మది పాటలే ఎంచుకున్నారు. అయినా బరువెక్కదు. గొంతు ఉన్నచోట రిడిల్ తీగవాద్యాలను పలచగా ఉంచి, గొంతు ఆగినచోటే నింపుతారు. వాద్యాలు అసలే తక్కువ కావాలంటే విల్లీ నెల్సన్ 1978 ఆల్బం ‘స్టార్‌డస్ట్’ ఉంది, పది పాటలు.

అన్నిటికంటే ముందు వినాల్సింది మాత్రం ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో పాడిన కోల్ పోర్టర్ పాటల సంపుటి. 32 పాటలు, రెండు ఎల్.పి.లు, బడ్డీ బ్రెగ్మన్ ఆర్కెస్ట్రా. నార్మన్ గ్రాంజ్ కొత్తగా పెట్టిన వెర్వ్ కంపెనీకి అది పునాది. ఒకే కర్త పాటలను వరుసగా పాడే పద్ధతికి ఈ సంపుటి పెద్ద పీట వేసింది. 1964 దాకా ఆమె అలాంటివి మొత్తం ఎనిమిది చేశారు. ఆమె బాణీని దాదాపు రాసినట్టే పాడతారు, ప్రతి మాటా విడిగా తెలుస్తుంది. పాట నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మూలం మరొకటి లేదని మా అభిప్రాయం.

ప్రశ్న: స్నేహితులతో కలిసి ఈ పాటలు వాయిస్తున్నాం. సోలో నడుస్తుండగా పాటలో ఎక్కడున్నానో తప్పిపోతున్నాను. (రాజమహేంద్రవరం)

ఎక్కువ స్టాండర్డ్స్‌లో 32 బార్లు ఉంటాయి, ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు. వాటిని ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు చేస్తే ఎ-ఎ-బి-ఎ. బాణీ ఒకటే మూడుసార్లు వస్తుంది. 17 నుంచి 24 దాకా వచ్చే ‘బి’ని బ్రిడ్జ్ అంటారు, అక్కడ బాణీ, చాలాసార్లు స్కేల్ కూడా మారతాయి. ఈ 32 బార్ల మొత్తం ఒక కోరస్.

తప్పిపోయే చోటు దాదాపు అందరికీ ఒకటే. ఒక కోరస్ చివరి ‘ఎ’, తర్వాతి కోరస్ మొదటి రెండు ‘ఎ’లు వరుసగా వస్తాయి కాబట్టి మధ్యలో మూడు ‘ఎ’లు పడతాయి. రెండే అనుకుని బ్రిడ్జ్‌లోకి ముందే దూకుతారు. మందు ఏమిటంటే, సోలో నడుస్తున్నంతసేపూ మాటలను మనసులో పాడుకుంటూ ఉండటం. బార్లు లెక్కపెట్టేవారు తప్పుతారు, మాటలు నడిపేవారు తప్పరు. ఎనిమిదో బార్‌లో డ్రమ్మర్ ఇచ్చే చిన్న ముక్తాయింపు మీద కూడా చెవి పెట్టండి.

అన్ని పాటలూ 32 కావు. కోల్ పోర్టర్ ‘నైట్ అండ్ డే’ 48, ‘బిగిన్ ద బిగీన్’ 108. కెర్న్ ‘ఆల్ ద థింగ్స్ యు ఆర్’ 36, చివరి భాగంలో నాలుగు బార్లు ఎక్కువ. కాగితం మీద ముందే లెక్కపెట్టుకోండి.

నిడివి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. నిమిషానికి 60 దెబ్బల నెమ్మది పాటలో బార్‌కు 4 సెకన్లు, కోరస్‌కు 2 నిమిషాల 8 సెకన్లు. రెండు కోరస్‌లు పాడితే నాలుగు నిమిషాలు దాటి వినేవారు అలసిపోతారు. అందుకే ఒక కోరస్ పూర్తిగా పాడి, పియానో సోలో లేకుండానే బ్రిడ్జ్ నుంచి మళ్లీ ఎత్తుకుంటారు. ఇంకో 64 సెకన్లు, ముందు నాలుగు బార్ల ఇంట్రోకు 16 సెకన్లు, మొత్తం మూడున్నర నిమిషాల లోపే. అదే 160 వేగంలో అయితే కోరస్ 48 సెకన్లే, మూడు కోరస్‌లు హాయిగా పడతాయి.

పాట ముందు నెమ్మదిగా, మాట్లాడినట్టు వచ్చే భాగం గురించి కూడా అడిగారు. దాన్ని వర్స్ అంటారు. నాటకంలో సంభాషణ నుంచి పాటలోకి దింపే మెట్టు అది. చాలామంది వదిలేస్తారు. ఎల్లా ఆ 1956 సంపుటిలో చాలా పాటలకు పాడారు. పాడితే లయ లేకుండా, ఒక్క పియానోతో పాడండి. డ్రమ్స్ కోరస్ దగ్గరే రావాలి.

ప్రశ్న: పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, ఐదున్నర శ్రుతి. స్టాండర్డ్స్ పాడితే ఒక పాట గొంతు దిగువకు పోతోంది, ఇంకోటి సరిగ్గా కుదురుతోంది. గమకం కూడా ఎబ్బెట్టుగా ఉందంటున్నారు. (డాలస్)

మీకు ఒకే శ్రుతి అలవాటు. ఇక్కడ పాటపాటకూ షడ్జం మారాలి. ఒక బాణీ మంద్ర పంచమం నుంచి మధ్య స్థాయి ధైవతం దాకా నడుస్తుందనుకోండి. ఇంకోటి షడ్జం నుంచి తార గాంధారం దాకా. రెండూ దాదాపు ఒకే విస్తృతి, కానీ షడ్జం ఉన్న చోటు వేరు. మొదటిదాన్ని ఐదున్నరలో ఎత్తుకుంటే మంద్ర పంచమం గాలిగా మిగులుతుంది. దాన్ని ఒకటి శ్రుతిలో, రెండోదాన్ని ఐదు శ్రుతిలో పాడి చూడండి. రెండిటిలోనూ అట్టడుగు స్వరం ఒకటే అవుతుంది, పై స్వరాలూ ఒక మెట్టు తేడాలో ఉంటాయి. పుస్తకాల్లో అచ్చయిన స్కేల్ వాద్యాలకు అనువైనది. ఆడగొంతుకు సాధారణంగా దానికి నాలుగో ఐదో స్వరాలు అటూ ఇటూ జరపాల్సి వస్తుంది.

నిర్ణయించే పద్ధతి ఇది. ముందు మాటలను పాట లేకుండా ఎవరికో చెబుతున్నట్టు పలకండి. బాణీలో అన్నిటికంటే పై స్వరం ఏ మాట మీద పడుతుందో గుర్తుపెట్టుకోండి. ఆ మాటను అరవకుండా, సన్నని తలగొంతులోకి జారకుండా పలకగలిగే స్కేలే మీది. అర్ధస్వరం తేడాతో మూడు స్కేళ్లలో ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. పాడుతున్నప్పుడు బాగుందనిపించేది ఎక్కువసార్లు పైదే, వింటున్నప్పుడు బాగుండేది కిందిదే. మైకు ఉంది కాబట్టి హాలు చివరిదాకా గొంతు విసరనవసరం లేదు.

ఇక గమకం. కార్డ్ స్వభావాన్ని చెప్పేవి దానిలోని మూడో స్వరం, ఏడో స్వరం. మేజరా మైనరా అన్నది మూడో స్వరమే తేలుస్తుంది. మీరు అలవాటుగా గాంధారం మీద కంపితం వేస్తే, పియానో పట్టి ఉంచిన గాంధారంతో మీ స్వరం రాసుకుంటుంది. ఎబ్బెట్టు అక్కడే. గాంధార నిషాదాలను నిలకడగా పట్టండి. కింది నుంచి చిన్న జారు మాత్రం చక్కగా నప్పుతుంది. పొడుగు స్వరాన్ని సగం దాకా కదలకుండా ఉంచి, తర్వాత సన్నగా ఊపితే చాలు.

జాజ్‌లో ఊగుతున్నట్టు నడిచే స్వింగ్ లయకు మీ శిక్షణ సాయపడుతుంది. ఒక దెబ్బను తిస్రంగా ‘తకిట’ అనుకుని, మధ్య ‘కి’ని మింగేసి ‘త’, ‘ట’ల మీద రెండు అక్షరాలు వేయండి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండూ సమానానికి దగ్గరవుతాయి. నిమిషానికి 200 దెబ్బలు దాటాక కూడా తిస్రాన్ని పట్టుకుని వేలాడితే గెంతుతున్నట్టు ఉంటుంది.

ఉచ్చారణలో ఒక్కటి గమనించండి. మన ‘ప’లో ఊపిరి ఉండదు. ఇంగ్లీషు మాట మొదట్లో వచ్చే ‘ప’, ‘క’లలో ఉంటుంది. అది లేకపోతే మాట మొదలు వినిపించదు, ఎక్కువైతే మైకులో ఢబ్ మంటుంది. మైకును నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా కాక కొంచెం పక్కకు వాల్చి పెట్టండి. మరీ దగ్గరైతే గొంతులో మంద్ర ధ్వనులు పేరుకుంటాయి. ఒక వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకుల్లో చాలావాటి గుణం ఇది. రికార్డింగ్ లెవెల్ పై అంచు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. నెమ్మది పాటలకు క్లిక్ వాడకండి, పియానో వాయించేవారిని చూస్తూ ఒకేసారి పాడండి. వాక్యం చివర ఇద్దరూ కలిసి ఆగడం విడివిడిగా రికార్డు చేస్తే రాదు.

ప్రశ్న: స్కాట్ (మాటల బదులు అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు అల్లి పాడటం) రాకపోతే జాజ్ గాయని కానట్టేనా? (మచిలీపట్నం)

కానే కాదు. మాటలను లయకు కాస్త వెనకగా వేయడం వస్తే చాలు, జాజ్ అక్కడే ఉంది.

ప్రశ్న: పది స్టాండర్డ్స్‌తో ఆల్బం చేసి 500 సి.డి.లు వేద్దామనుకుంటున్నాం. రెండు పాటలకు తెలుగు మాటలు కూడా రాశాం. అనుమతులు ఎలా? (న్యూజెర్సీ)

పాట హక్కు వేరు, రికార్డు హక్కు వేరు. మీరు కొత్తగా పాడుతున్నారు కాబట్టి కావలసింది పాట హక్కే. అయితే ఎవరో చేసిన కరోకే ట్రాకు మీద పాడితే ఆ ట్రాకు యజమాని అనుమతి కూడా కావాలి.

అమెరికాలో ఒకసారి విడుదలైన పాటను మళ్లీ రికార్డు చేయడానికి చట్టబద్ధమైన లైసెన్సు దొరుకుతుంది. కాపీకి ఒక పాటకు 2023లో రేటు 12 సెంట్లు, తర్వాత ఏటా ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరిస్తున్నారు. ఆ 12 లెక్కనే చూసినా పాటకు 60 డాలర్లు, పదింటికి 600. ఐదు నిమిషాలు దాటిన పాటకు నిమిషాల లెక్క, రేటు పెరుగుతుంది. అచ్చయి 95 ఏళ్లు నిండిన పాటకు ఇదేమీ అక్కర్లేదు. 1929లో అచ్చయినవి 2025 జనవరి 1న అందరివీ అయ్యాయి. 1932 నాటి ‘నైట్ అండ్ డే’ వంతు 2028లో వస్తుంది.

భారత్‌లో లెక్క వేరు, కర్త మరణం తర్వాత 60 ఏళ్లు. కోల్ పోర్టర్ 1964లో పోయారు, మాటలూ బాణీ ఆయనవే. కాబట్టి 2025 నుంచి ఇక్కడ ఆయన పాటలు స్వేచ్ఛగా పాడుకోవచ్చు. ఇర్వింగ్ గోర్డన్ 1996 దాకా ఉన్నారు కనుక ఆ యుగళగీతానికి ఈ వెసులుబాటు లేదు. ఇక్కడి చట్టంలోనూ కవర్ వెర్షన్లకు, అంటే పాత పాటను వేరేవారు మళ్లీ పాడి చేసే రికార్డులకు, 31సి సెక్షన్ ఉంది. కానీ అది ఏడాదికి పాటకు కనీసం 50,000 కాపీల రాయల్టీ కట్టమంటుంది. 500 కాపీలకు అది పనికిరాదు. హక్కుదారుతోనో, పాటల హక్కులు చూసే ఐ.పి.ఆర్.ఎస్. సంస్థ ద్వారానో మాట్లాడుకోవడమే దారి.

మీ తెలుగు మాటల దగ్గర ఆగండి. చట్టబద్ధ లైసెన్సు మీ శైలికి తగ్గట్టు అరేంజ్‌మెంట్ మార్చుకోనిస్తుంది, పాట మూల స్వభావాన్ని మార్చనివ్వదు. అనువాదం కొత్త రచన కిందికి వస్తుంది, దానికి ప్రచురణ సంస్థ రాతపూర్వక అనుమతి విడిగా తీసుకోవాలి. వీడియో చేసినా అంతే. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు. కాబట్టి ఆ రెండు పాటలకూ ముందు లేఖ రాసి, మిగతా ఎనిమిదీ రికార్డు చేయడం మొదలుపెట్టండి.